తన చితఉర, మన రాజా... తర్వాత ఏమిటి?

పెన్నాతీరం: పొద్దున్నుంచీ ఒక చౌపాయి (హిందీ ఛందస్సు) సగంలో ఆగిపోయి తినేస్తోంది. అవధీ కవి జాయసీ రాసిన పద్మావత్ చివర్లోది. చిత్తౌడ్ రాజు, సింహళం నుంచి వచ్చిన అతని రాణి పద్మిని, ఆమె కోసం దండెత్తిన అల్లాఉద్దీను సుల్తాను కథ కదా, ఆ పాత్రలు దేనికి గుర్తులో చెప్పే చోటు. ‘తన చిత్తౌర్, మన రాజా కీన్హా...’ ఆపైన సింహళం హృదయం అని వస్తుంది. మరి పద్మిని బుద్ధా, మాయా? మాయ అనే నా గుర్తు. హిందీ విశారద చదివినవాళ్లెవరైనా అందుకోండి.

గోదారిగట్టు: ‘హియ సింఘల, బుధి పదమిని చీన్హా.’ పద్మిని బుద్ధి. మాయ అల్లాఉద్దీను, గురువు చిలక, రాజు మొదటి భార్య నాగమతి దునియా ధంధా (లోకవ్యవహారం). అన్నట్టు, చిత్తౌర్ కాదండీ, చితఉర. చౌపాయి పాదానికి 16 మాత్రలు. మీ చిత్తౌర్ పెడితే 17.

నల్లసిరా: మాత్రలు సరే, ఆ ‘చీన్హా’ మాటేమిటి? పద్మినిని బుద్ధిగా గుర్తించామనా, బుద్ధే పద్మినిని గుర్తించిందనా? విభక్తి లేదక్కడ. నా ఓటు రెండోదానికే. ఇది మన వన్నెచిన్నెల్లోని ‘చిన్నె’కి తోబుట్టువు, రెంటికీ తల్లి చిహ్నమే.

గోదారిగట్టు: పై పాదంలో ‘కీన్హా’ ఉంది కదా. తనువును చిత్తౌడ్ చేశారు, మనసును రాజును చేశారు. ఆ వరసలో ఇదీ ‘బుద్ధిగా ఎంచారు’ అనే. ప్రాస కోసం వచ్చిన క్రియ మీద అంత వేదాంతం మోపకండి.

కోటగోడ: మీరిద్దరూ కొట్టుకుంటున్న చీన్హా అసలు జాయసీదే కాదు. పద్మావత్ పరిష్కర్త మాతాప్రసాద్ గుప్త ప్రతులు సరిచూసి ప్రక్షిప్తమని తేల్చారు. రామచంద్ర శుక్ల పాఠంలో ఉంది కాబట్టి అందరి నోటా నానింది. ‘పద్మిని కల్పితం, కవే ఒప్పుకున్నాడు’ అనేవాళ్లు ఊపేదీ ఈ ముక్కనే. ఎవరో చేర్చినదాన్ని కవి వాంగ్మూలం చేసేస్తే ఎలా?

నల్లసిరా: అంటే పద్మిని ఉన్నట్టేనా?

కోటగోడ: అలా ఎప్పుడన్నాను? చిత్తౌడ్ పడింది 1303 ఆగస్టులో. ఆ ముట్టడిలో సుల్తాను అల్లాఉద్దీను వెంటే ఉన్న ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఆమె పేరెత్తలేదు. తర్వాత రాసిన చరిత్రకారుడు బరనీ ఎత్తలేదు. జాయసీ కావ్యం 1540 నాటిది, అంటే 237 ఏళ్ల తర్వాత. కావ్యంలో రత్నసేనుడైన చిత్తౌడ్ రాజు రత్నసింహుడు మాత్రం నిజం, ఆయన కాలపు దరీబా శాసనం ఉంది.

పెన్నాతీరం: ఆ ముట్టడి గురించి రాసిన పుస్తకంలో ఖుస్రో ‘హుద్‌హుద్’ అన్నాడుగా! షేబా రాణి కబురు సులేమానుకి (సొలొమోను రాజుకి) చేరవేసిన పిట్ట. సుల్తాను సులేమాను, తాను హుద్‌హుద్. మరి రాణి ఎవరు? పద్మిని నిజమనడానికి చరిత్రకారుడు ఆశీర్వాదీలాల్ శ్రీవాస్తవ పట్టుకున్నది ఈ మాటనే.

కోటగోడ: సులేమాను అన్నాక హుద్‌హుద్ అనకుండా పారశీక కవి కలం ఆగుతుందా? అదే పుస్తకంలో మన ఓరుగల్లు ముట్టడి చూడండి, ఉపమ లేని వాక్యం కోసం వెతుక్కోవాలి. పిట్టను సాక్షిగా బోనెక్కించకండి. ఇంకో మాట: సుల్తాను చిత్తౌడ్ మీద ఉన్న రోజుల్లోనే మరో సైన్యం బెంగాల్ మీదుగా ఓరుగల్లుకొచ్చి భంగపడి పోయింది. దాని మీద ఒక్క కావ్యమూ లేదు, మన ఖర్మ.

డుమువులు: పిట్టల ఊసొచ్చింది కాబట్టి చెబుతున్నా. పద్మావతి అందం రాజుకి చెప్పిన ఆ హీరామన్ చిలక, శృంగారనైషధంలో శ్రీనాథుడి హంస ముందు దిగదుడుపే. ‘గమికర్మీకృత నైకనీవృతుడనై’ అని నోరు తెరిచిందో లేదో, నలుడి పని అయిపోయింది. రత్నసేనుడూ అంతే, చూడకుండానే చిలక మాటలకి పడిపోయాడు. సంస్కృత నైషధం రాసిన శ్రీహర్షుడిది కన్నౌజి ఆస్థానం, జాయసీది ఆ పక్క అవధ్. నైషధం కథ చెవిన పడకుండా ఉంటుందా? నా సిద్ధాంతం నాది.

నల్లసిరా: తిరిగిన దేశాలన్నీ గమ్ ధాతువుకి కర్మలైపోయాయట! ఆ మాట అన్న శ్రీనాథుడికి ‘నీ డుమువులు (డు, ము, వు అనే తెలుగు ప్రత్యయాలు) నువ్వు తీసుకుని మా సంస్కృతం మాకిచ్చెయ్’ అన్నారంటే, ఆ పండితులది ఉత్త కడుపుమంట.

డుమువులు: నా పేరు అక్కణ్ణుంచే తీసుకున్నానండీ.

పెన్నాతీరం: అసలు పద్మిని అనేది పేరా, స్త్రీజాతా? కావ్యంలో రాజు వెళ్లగొట్టిన పండితుడు రాఘవ చేతనుడు సుల్తానుకి హస్తిని, శంఖిని అంటూ కొక్కోకం (కామశాస్త్రం) అంతా ఏకరువు పెడతాడు. ఆమె పేరు పద్మావతి కదా. రాజస్థాన్ చరిత్ర రాసిన టాడ్ దగ్గరికి వచ్చేసరికి (1829) పద్మిని అనే పేరే నిలిచింది, మొగుడు మాత్రం రత్నసేనుడు పోయి భీమ్‌సీ వచ్చాడు. జాతినామం కాస్తా మనిషి పేరై కూర్చుందని నా అనుమానం.

గోదారిగట్టు: చౌపాయిలో మటుకు జాతీ లేదు, గీతీ లేదు. ‘పదమావతి’ అంటే ఆరు మాత్రలు, పాదం 18కి పోతుంది. చోటు చాలక పదమిని అన్నాడు.

కోటగోడ: ఎవరన్నాడు? ప్రక్షిప్తం అని చెప్పానుగా.

గోదారిగట్టు: ప్రక్షిప్తం చేసినవాడికీ మాత్రలు లెక్కపెట్టడం వచ్చు కదండీ.