అప్‌డేట్: ఎక్కాలు, చింతగింజలు, కోడిగుడ్ల అట్ట

మూడో తరగతి చదివే మా పాప ఎక్కాలు గడగడా అప్పజెబుతుంది కానీ, మధ్యలో ఆపి "ఏడు ఎనిమిదులు?" అంటే మళ్లీ "ఏడు ఒకట్ల ఏడు" నుంచి మొదలుపెడుతుంది, ఏం చేయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. కొందరు చింతగింజలు వరసల్లో పేర్చమన్నారు. పేర్చాం. చిన్నోడు వచ్చి చెల్లాచెదురు చేశాడు, అది అక్కడితో సరి.

పని చేసింది 30 గుడ్ల అట్ట. వరసకి 6 చొప్పున 5 వరసలు. అట్టని పక్కకి తిప్పితే వరసకి 5 చొప్పున 6 వరసలు. "గుడ్లు అవే కదమ్మా!" అంది. అంటే ఐదు ఆర్లు వస్తే ఆరు ఐదులూ వచ్చినట్టే, సగం ఎక్కాలు ఉచితంగా వచ్చేసినట్టే. నాకు చిన్నప్పుడు ఈ సంగతి ఎవరూ చూపించలేదు.

తర్వాత గళ్ల నోటుబుక్కులో 8 గళ్ల చొప్పున 7 వరసలు గీసి, ఐదు గళ్ల తర్వాత నిలువుగా ఒక గీత కొట్టాం. ఒకవైపు ఏడు ఐదులు 35, రెండో వైపు ఏడు మూడులు 21, కలిపితే 56. ఇప్పుడు మర్చిపోయినా టెన్షన్ పడట్లేదు, తనే గీత గీసుకుంటోంది.

కంఠతా మాత్రం మానలేదు. మా అత్తయ్య ఒప్పుకోలేదు, నిజానికి నేనూ ఒప్పుకోను. 12వ ఎక్కం ఇంకా మొండికేస్తోంది. 10, 2గా విడగొట్టి చూస్తున్నాం.