ముంజేతి ఎముకలు రెండూ విరిగితే ప్లేటా, రాడ్డా? ఏది గట్టిగా పట్టుకుంటుంది?

గోదారిగట్టు:
నమస్కారమండీ. మా తమ్ముడికి 31 ఏళ్లు, ఎలక్ట్రీషియన్. నిచ్చెన మీంచి పడి కుడి ముంజేతిలో రెండు ఎముకలూ నడిమధ్యన విరిగాయి. చర్మం తెగలేదు, వేళ్లు బాగానే కదుపుతున్నాడు. ఒక డాక్టర్ గారు రెండింటికీ ప్లేట్లు వేయాలి, రెండు పక్కలా కోయాల్సి వస్తుంది అన్నారు. ఇంకొకాయన చిన్న కోతతో ఎముక లోపల స్క్వేర్ నెయిల్స్ (నలుపలకల సన్నని రాడ్లు) దించితే సరిపోతుంది, ఖర్చూ తక్కువ అన్నారు. మా నాన్నేమో ఎముక మధ్యలో రాడ్ ఉంటే అదే గట్టి, పైన బిగించిన రేకు ఎన్నాళ్లు ఆగుతుంది అంటున్నారు. మా బాబాయికి తొడ ఎముక విరిగితే రాడ్డే వేశారు, ఇప్పుడు మామూలుగా పొలం పని చేసుకుంటున్నాడు. మరి చేతికి ప్లేటెందుకు? ఎల్లుండే ఆపరేషన్, అందరం టెన్షన్‌లో ఉన్నాం. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

ఆర్థో_పీజీ:
అక్కా, ఎక్స్‌రే చూడకుండా ఇది చేయించండి అని నేను చెప్పకూడదు, కానీ మీరడిగిన బలం సంగతి చెప్తాను. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక అల్నా, అది దాదాపు నిటారుగా ఉంటుంది; బొటనవేలి వైపుది రేడియస్, అది కొంచెం విల్లులా వంగి ఉండి అల్నా చుట్టూ తిరుగుతుంది. అరచేయి పైకీ కిందికీ తిప్పగలిగేది అందువల్లే. అంటే ఇక్కడ విరిగిన ముక్కల మీద వంచే బలం కంటే మెలితిప్పే బలం పెద్ద సమస్య. తమ్ముడు స్క్రూడ్రైవర్ తిప్పిన ప్రతిసారీ ఆ మెలి ఎముక మీద పడుతుంది. మామూలు నెయిల్ ముక్కలు పక్కకి జారకుండా, వంగకుండా బాగానే ఆపుతుంది గానీ ఒక ముక్క దాని చుట్టూ తిరిగిపోతుంటే ఆపడానికి దానికి పట్టు తక్కువ. స్క్వేర్ నెయిల్‌కి అంచులు ఉంటాయి కాబట్టి గుండ్రటి దానికన్నా కొంత నయం, అదీ లోపలి గొట్టంలో బిగుతుగా కూర్చుంటేనే. అందుకే నెయిల్ వేసినవాళ్లకి మోచేయి పై దాకా పిండికట్టు కూడా వేసి కొన్ని వారాలు ఉంచుతారు. పైగా నిటారు నెయిల్ రేడియస్‌లోకి దించితే ఆ సహజమైన వంపు పోయే ప్రమాదం ఉంది, వంపు పోతే ఎముక అతికినా చేయి పూర్తిగా తిరగదు.

ప్లేట్ అయితే విరిగిన చోటికి అటూ ఇటూ కనీసం మూడేసి స్క్రూలు, ఒక్కోటీ ఎముక రెండు గోడలూ దాటేలా వేస్తారు, ముక్కల్ని ఒకదానికొకటి నొక్కి బిగిస్తారు. అందుకే పెద్దవాళ్లలో ఇదే ప్రామాణికం. 1975లో అమెరికన్ సర్జన్లు తమ రోగుల ఫలితాలతో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఇలా నొక్కి బిగించిన ప్లేట్లతో రేడియస్ 97.9 శాతం, అల్నా 96.3 శాతం అతికాయి.

లేత్_మెషీన్:
నేను మెకానికల్ వాణ్ని, వైద్యం జోలికి పోను. మీ నాన్నగారి మాటకి మాత్రం లెక్కలో జవాబుంది. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలబడే శక్తి దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. రెండూ ఒకే లోహంతో చేసిన నిండు కడ్డీలు అనుకుంటే, తొడలో వేసే 10 మి.మీ. రాడ్‌తో పోలిస్తే ముంజేతిలో పట్టే 3 మి.మీ. నెయిల్‌కి ఆ శక్తి 120వ వంతు కూడా ఉండదు. మీ బాబాయి రాడ్‌కి పైనా కిందా అడ్డ స్క్రూలు కూడా వేసి ఉంటారు, మెలిని ఆపేవి అవే. ల్యాబ్‌లో ఇలాంటివి పోల్చేటప్పుడు వంచే పరీక్ష వేరుగా, మెలితిప్పే పరీక్ష వేరుగా చేస్తారు. వంచే పరీక్షలో బాగా నిలబడిన నెయిల్ మెలి దగ్గరికొచ్చేసరికి ప్లేట్ కంటే వెనకబడటానికి కారణం ఆర్థో_పీజీ గారు చెప్పిందే.



చిన్నూఅమ్మ:
మా పాపకి తొమ్మిదేళ్లప్పుడు ఇలాగే రెండు ఎముకలూ విరిగితే టెన్స్ నెయిల్స్ (వంగే సన్నని రాడ్లు) వేశారండీ. ఇప్పుడు చేయి నిక్షేపంగా ఉంది, అరచేయి పూర్తిగా తిరుగుతుంది. మరి రాడ్ పనికిరాదంటే ఎలా?

ఆర్థో_పీజీ:
పనికిరాదని కాదండీ, పిల్లల్లో అదే మంచి పద్ధతి. వాళ్ల ఎముక మీది పొర మందంగా ఉండి ముక్కల్ని కొంత పట్టి ఉంచుతుంది, తొందరగా అతుకుతుంది, చిన్న వంకర ఉన్నా పెరిగేకొద్దీ కొంతవరకు సర్దుకుంటుంది. ఆ సన్నని నెయిల్‌ని కూడా ముందే వంచి, లోపల మూడు చోట్ల ఆనుకునేలా వేస్తారు కాబట్టి రేడియస్ వంపు నిలుస్తుంది. 31 ఏళ్ల చేతికి ఆ సౌకర్యాలేవీ లేవు.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ, ఇప్పుడు అర్థమైంది. ఇంకొక్కటి. లాకింగ్ ప్లేట్ ఇంకా గట్టిదంటున్నారు, ఖర్చు ఎక్కువైనా అదే అడగాలా?

ఆర్థో_పీజీ:
అడగాల్సిన పనిలేదక్కా. లాకింగ్‌లో స్క్రూ తల ప్లేట్‌కే బిగుసుకుంటుంది, అందుకే ఎముక గుల్లబారిన ముసలివాళ్లలో, లేదా ఎముక నుజ్జయినప్పుడు దానికి విలువ. తమ్ముడి వయసులో ఎముక గట్టిగా ఉంటుంది, నేను పైన చెప్పిన, ముక్కల్ని నొక్కి బిగించే మామూలు కంప్రెషన్ ప్లేట్ చాలు. అడ్డంగా నీట్‌గా విరిగిన ఎముకని ముందు నొక్కకుండా సన్నని సందు వదిలేసి లాకింగ్ స్క్రూలు బిగించేస్తే, అంత గట్టితనమే అతుకుని ఆలస్యం చేస్తుంది. ప్లేట్ ఖరీదు కంటే ఎంత పొడవు వేస్తున్నారు, అటూ ఇటూ ఎన్ని స్క్రూలు, రేడియస్ వంపు ఎలా కాపాడతారు అన్నవి అడగండి. రేడియస్‌కి ప్లేట్, అల్నాకి నెయిల్ అని కలిపి చేసేవాళ్లూ ఉన్నారు, అల్నా నిటారు కాబట్టి అందులో అర్థం ఉంది. అలా చెప్తే కొట్టిపారేయకండి.

ఫిజియో_విజయవాడ:
ప్లేట్ బాగా కుదిరితే మొదటి కొద్దిరోజుల్లోనే వేళ్లు, మోచేయి, అరచేయి తిప్పడం మొదలుపెట్టిస్తాం, పిండికట్టులో వారాలు గడిపిన చేతికంటే ఇది చాలా తేడా. కానీ చేయి తిరుగుతోంది కదా అని డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకోనివ్వకండి. ఎముక అతికేలోపు అదేపనిగా బరువు పడితే ప్లేటైనా అలిసి విరుగుతుంది. అతికిందని సర్జన్ ఎక్స్‌రేలో చూసి చెప్పేదాకా కుడిచేత్తో బరువు వద్దు. ప్లేట్ ఇబ్బంది పెట్టకపోతే తీయించే తొందర కూడా పడకండి, స్క్రూలు తీసిన రంధ్రాల దగ్గర ఎముక కొన్నాళ్లు బలహీనంగా ఉండి మళ్లీ విరిగిన కేసులు ఉన్నాయి.