పోరుమామిళ్ల శాసనంలో పొలిమేర ఎందుకు దోషమైంది?

కడప జిల్లా పోరుమామిళ్లలోని చెరువు శాసనం మంచి చెరువు ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో చెబుతుంది. అందులో చెప్పిన ఆరు దోషాలలో "రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం" ఒక్కటే మిగతావాటితో పొసగడం లేదనీ, శాసనం అనువాదంలో దాన్ని "రాజకీయ కారణం" అని విడదీయవచ్చా అనీ ఒక మిత్రులు అడిగారు. విడదీయవద్దని నా గట్టి మనవి.

శాసనం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువు ఇది. వెయ్యి మంది కూలీలు, రాళ్లకు నూరు బండ్లు, రెండేళ్ల పని. శ్లోకాలలోని దోషాల వరుస చూడండి: కట్టలో నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. మట్టినీ మనుషులనూ ఒకే జాబితాలో, ఒకే "దోషం" అనే మాట కింద చేర్చారు. మంచి చెరువుకు కావలసినవిగా శాసనం చెప్పిన పన్నెండు అంగాలలోనూ అంతే. ధర్మపరుడైన రాజు, పాథశ్శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి, తీపినీటి నది, పనితనం తెలిసిన కూలీలు అందులో పక్కపక్కనే ఉన్నారు. (పాథస్సు అంటే నీరు, పాథశ్శాస్త్రం అంటే జలశాస్త్రం.)

ఈ కలయికలో ఎంత వివేకం ఉందో బాలి ద్వీపపు వరి పొలాలను చదివాక నాకు స్పష్టమైంది. అక్కడ ఒకే కాలువ నీరు పంచుకునే రైతుల సంఘాన్ని సుబక్ అంటారు. నాట్లు ఎప్పుడు వేయాలో, నీరు ఎప్పుడు వదలాలో జలదేవాలయాల దగ్గర కలిసి నిర్ణయించుకుంటారు. 1970లలో ఈ కట్టుబాటును పక్కన పెట్టి, వీలైనన్ని పంటలు వేయమని ఇండోనేషియా ప్రభుత్వం ప్రోత్సహించింది. ఎవరికి తోచినప్పుడు వారు నాటారు. నీటికి కటకట ఏర్పడింది, వరిని పీల్చే సుడిదోమ, ఎలుకలు విజృంభించాయి.

స్టీఫెన్ లాన్సింగ్, జేమ్స్ క్రెమర్ అనే పరిశోధకులు రెండు నదుల కింది 172 సుబక్‌లను కంప్యూటర్ నమూనాగా కట్టి, 1993లో ఫలితాలు ప్రచురించారు. నమూనాలో ప్రతి సుబక్‌కూ ఒకే నియమం: పక్కవారిలో ఎవరి దిగుబడి మెరుగైతే వారి పంట కాలాన్ని అనుసరించడం. పైనుంచి ఆజ్ఞ ఏదీ లేదు. అయినా కొన్నేళ్ల పంటలకే, నిజంగా ఆలయాల కింద నడుస్తున్న అమరికకు దగ్గరైన అమరిక దానంతటదే ఏర్పడింది.

ఎగువ రైతు దిగువవారికి నీరెందుకు వదలాలి? అందరూ ఒకేసారి కోసి, పొలాలన్నీ ఒకేసారి ఖాళీ చేస్తే పురుగుకు తిండి దొరకదు. దిగువన పైరు నిలిచి ఉంటే ఆ దోమ తిరిగి ఎగువకే వస్తుంది. దిగువవారికి నీరు కావాలి, ఎగువవారికి పురుగు పోవాలి. రెండు అవసరాలూ ఒకే పంట క్యాలెండర్‌లో తీరుతున్నాయి.

ఈ ఒప్పందం కుదరాలంటే ఎగువా దిగువా ఒక మాట మీదకు రావాలి. చెరువు మధ్యగా రెండు రాజ్యాల పొలిమేర పోతే కట్ట మరమ్మతు ఎవరిది, తూము ఎవరు తెరవాలి, తగవు ఎవరు తీర్చాలి? కట్టలో ఊటలాగే అదీ చెరువును ఖాళీ చేస్తుంది. అందుకే అనువాదంలో ఆరు దోషాలనూ శ్లోకంలో ఉన్న వరుసలోనే, ఏ ఉపశీర్షికా లేకుండా ఉంచమని కోరుతున్నాను.