కపోల పాటలమా, కపోల పాటనమా?

చిత్తుప్రతి:
తాతగారి పుస్తకాలు సర్దుతుంటే కాళిదాసు రఘువంశం దొరికింది. నాలుగో సర్గలో, రఘువు దిగ్విజయంలో, ఈ శ్లోకం దగ్గర ఆగిపోయాను.

తత్ర హూణావరోధానాం భర్తృషు వ్యక్తవిక్రమమ్ |
కపోలపాటలాదేశి బభూవ రఘుచేష్టితమ్ ||

భర్తల మీద రఘువు చూపిన పరాక్రమం హూణుల అంతఃపుర స్త్రీల బుగ్గల ఎరుపులో తెలిసిందని అర్థం చెప్పుకున్నాను. అయితే అంచున తాతగారు పెన్సిలుతో 'పాటన?' అని రాశారు. పాటలం ఎరుపు, అది తెలుసు. మరి ఈ పాటన ఏమిటి? అసలు ఆ ఎరుపు సిగ్గు వల్లనా, ఏడుపు వల్లనా?

కొల్చారం దారి:
సిగ్గుకు అక్కడ చోటెక్కడిదండీ? మొగుళ్లు యుద్ధంలో పోయారు. బుగ్గలు బాదుకుంటే వచ్చిన ఎరుపు అనే మల్లినాథసూరి వ్యాఖ్య. ఆయన మా మెదక్ వైపు కొల్చారం వాడు. ఆయన మాట ఉండగా పెన్సిలు రాతలతో పనేమిటి?

తాళపత్రం:
కొల్చారం గారూ, మల్లినాథుడి మీద నాకూ భక్తి ఉంది. కానీ తాతగారి పెన్సిలును అంత తేలిగ్గా తీసేయకండి. 'కపోలపాటనాదేశి' అనే పాఠం నిజంగానే ఉంది. పాటనం అంటే చీల్చడం. ఉత్పాటనంలో ఉన్నది ఈ పాటనమే. అప్పుడు అర్థం మారిపోతుంది: రఘువు చేసిన పని హూణ స్త్రీలకు బుగ్గలు కోసుకోమని ఆజ్ఞ ఇచ్చింది. 'ఆదేశి' అన్న మాటకు కూడా ఇక్కడే బలం వస్తుంది. ఎరుపును ఆదేశించడం కంటే కోతను ఆదేశించడం సూటిగా లేదూ?

బుగ్గలు కోసుకోవడమేమిటి అనుకుంటారేమో. మధ్య ఆసియా గడ్డిమైదానాల జాతులకు అది శోకాచారం. 453లో ఐరోపాలో డాన్యూబ్ నది వైపు హూణులను ఏలిన రాజు అట్టిలా చనిపోయినప్పుడు హూణులు జుట్టు కొంత కత్తిరించుకుని ముఖాల మీద లోతుగా గాట్లు పెట్టుకున్నారని చరిత్రకారుడు జోర్డానెస్ 6వ శతాబ్దంలో రాశాడు. అంతటి వీరుడికి ఏడవవలసింది ఆడవాళ్ల కన్నీళ్లతో కాదు, మగవాళ్ల నెత్తురుతో అట.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. 576లో తూర్పు రోమన్ల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ నుంచి వాలెంటినస్ అనే రాయబారి తురుష్కుల దగ్గరకు వెళ్లాడు. వెళ్లేసరికి అక్కడి పాలకుడు తుర్క్సాంథోస్ తండ్రి అప్పుడే పోయి ఉన్నాడు. 'వచ్చినవాళ్లు మా ఆచారం పాటించాలి, ముఖాలు కోసుకోండి' అన్నాడు. రోమన్లు ఏం చేస్తారు? బాకులు తీసి కోసుకున్నారు. సంధి మాటలకు వెళ్లి చెంపల మీద గాట్లతో తిరిగొచ్చిన రాయబార బృందం ఇంకోటి ఉందేమో నాకు తెలియదు. తజికిస్తాన్‌లోని పెంజికెంట్ గోడ చిత్రాల్లోనూ శవం చుట్టూ ముఖాలు గాయపరుచుకుంటున్న మనుషులు కనిపిస్తారు.

కాబట్టి నా ఓటు పాటనకే. లేఖకులు తెలియని మాట వస్తే తెలిసిన మాటగా దిద్దుతారు. తెలిసిన మాటను తెలియనిదిగా ఎవరూ దిద్దరు. చీల్చిన బుగ్గ ఎరుపెక్కిన బుగ్గ కావడం సులువు. ఎర్రబుగ్గ మీదికి కత్తి ఎక్కడి నుంచి వస్తుంది?

అత్తిలివాసి:
మాది అత్తిలి. అట్టిలాకూ మా ఊరికీ ఏ చుట్టరికమూ లేదని ముందుగా మనవి.

సందేహి:
నవ్వుకున్నాక ఒక అడ్డు ప్రశ్న. జోర్డానెస్ చెప్పింది మగవాళ్ల గురించి, వాలెంటినస్ బృందమూ మగవాళ్లే. శ్లోకంలో ఉన్నది స్త్రీలు. పైగా డాన్యూబ్ దగ్గరి హూణులూ కాళిదాసు హూణులూ ఒకరే అనడానికి పేరు తప్ప ఏముంది? పేరును నమ్మితే మునిగిపోతాం. 449లో అట్టిలా విడిదికి స్వయంగా వెళ్లి, ఆయన కొయ్య పళ్లెంలో తినడం కళ్లతో చూసిన గ్రీకు చరిత్రకారుడు ప్రిస్కస్ కూడా హూణులను చాలాచోట్ల 'సిథియన్లు' అనే రాశాడు. క్రీ.పూ. 5వ శతాబ్దపు హెరొడోటస్ కాలం నాటి పేరు! ఉత్తరం నుంచి గుర్రం మీద ఎవరు వచ్చినా గ్రీకు పండితుడికి సిథియనే.

తాళపత్రం:
మొదటిది ఒప్పుకుంటున్నాను, స్త్రీల సంగతి నా వాదంలో బలహీనమే. రెండోదానికి మాత్రం కొంత జవాబుంది. చైనాలో దున్‌హువాంగ్ దగ్గర దొరికిన సోగ్దియన్ (మధ్య ఆసియా వర్తకుల) ఉత్తరాల్లో, 311లో అప్పటి చైనా రాజధాని లోయాంగ్‌ను కొల్లగొట్టినవాళ్ల పేరు 'హున్' అనే ఉంది. చైనా వాళ్లు షియాంగ్ను అన్నది వాళ్లనే. అంటే ఆ పేరు చైనా అంచు నుంచి డాన్యూబ్ దాకా, ఇటు మాల్వా దాకా తిరిగింది. పేరు మోసినవాళ్లందరిదీ ఒకే రక్తమని నేననను. ఆచారాలు మాత్రం గుర్రాలతో పాటు ప్రయాణం చేస్తాయి.

కొల్చారం దారి:
పేరు తిరగడం గురించి మనవాళ్లను మించినవాళ్లు లేరు. 17వ శతాబ్దంలో సంస్కృత కవి వేంకటాధ్వరి చెన్నపట్నం తెల్లవాళ్లను 'హూణాః కరుణాహీనాః' అని తిట్టాడు. ఆ తర్వాత మన పాత పుస్తకాల్లో ఇంగ్లీషు హూణభాష అయింది, క్రీస్తుశకం హూణశకం అయింది. శకులు ఒక సంచార జాతి, హూణులు ఇంకో సంచార జాతి. రెండు పేర్లూ కలిపి క్రీస్తు లెక్క చెప్పుకున్నాం. ఇందులో శకులూ లేరు, హూణులూ లేరు.

ఇక మల్లినాథుడి విషయం. ఆయన ఎరుపు పాఠమే తీసుకున్నా దెబ్బల వల్ల వచ్చిన ఎరుపు అన్నాడు కదా. శోకం సంగతి ఆయనకు తెలుసు. కత్తి ఒక్కటే లేదు. మన వైపు ఏడ్చేవాళ్లు గుండెలు బాదుకుంటారు కానీ ముఖం కోసుకోరు మరి.

సందేహి:
ఇది బాగుంది. ఇంకొకటి కూడా చూడండి. దీనికి ముందు శ్లోకంలో రఘువు గుర్రాలు నది ఒడ్డున పొర్లి, భుజాలకు అంటుకున్న కుంకుమపువ్వు కేసరాలను విదిలించుకుంటాయి. ఆ నది మల్లినాథుడి పాఠంలో సింధు. 10వ శతాబ్దపు కాశ్మీర వ్యాఖ్యాత వల్లభదేవుడి పాఠంలో వంక్షు, అంటే నేటి ఆము దర్యా. వంక్షు అయితే హూణులు ఇంకా హిందూకుష్‌కు అవతలే ఉన్నట్టు. 484లో పర్షియా రాజు పేరోజ్ శ్వేత హూణులనే హెఫ్తలైట్ల చేతిలో చచ్చిపోయింది ఆ వైపే. గుప్త చక్రవర్తి స్కందగుప్తుడు హూణులతో తలపడ్డానని భీతరి స్తంభం మీద చెక్కించింది గంగా మైదానంలో. కవి వాళ్లను ఏ ఒడ్డున నిలబెట్టాడన్నది ఒక నది పేరు మీద ఆధారపడి ఉంది.

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారాలు. సందేహి గారు చెప్పాక పేజీ వెనక్కి తిప్పి చూశాను. 'సింధుతీర' కింద తాతగారు గీత గీసి, పక్కన పెన్సిలుతో 'వంక్షు' అని రాశారు. దానికి ప్రశ్నార్థకం లేదు.