స్లొవేనియాలో అద్దె కారు: వ్ర్షిచ్ కనుమ దాటినవారి సలహా కావాలి

సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలతో స్లొవేనియా వెళ్తున్నాను. లుబ్లియానాలో కారు అద్దెకు తీసుకుని, బ్లెడ్, బోహిన్ సరస్సులు చూసి, వ్ర్షిచ్ కనుమ మీదుగా సోచా నది లోయలోకి దిగాలని కోరిక. పచ్చలు కరిగించి పోసినట్టుండే ఆ నదిని అమ్మకు చూపించాలి.

బెంగంతా ఆ కనుమ గురించే. 1,611 మీటర్ల ఎత్తు, 50 హెయిర్‌పిన్ మలుపులు, ఉత్తరం వైపు మలుపుల్లో రాళ్లు పరిచిన దారి. అరకు ఘాట్‌లోనే అమ్మకు కడుపులో తిప్పింది; దారిపొడవునా నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని కూర్చుంది. పైగా రోడ్డుకు కుడివైపున నడపడం నాకు ఇదే మొదటిసారి.

అక్కడ నడిపినవారు దయచేసి చెప్పండి: మధ్యమధ్యలో కారు ఆపుకోవడానికి చోటు దొరుకుతుందా? లేక బోహిన్ సరస్సు దగ్గరి బోహిన్స్కా బిస్ట్రిత్సా అనే ఊళ్లో కారును రైలెక్కించి, సొరంగం గుండా సోచా వైపు చేరడమే మేలా?