ముగ్గురికీ 50-32 వస్తే ఎన్‌బీఏలో సీడ్ ఎలా తేలుస్తారు?

బేస్‌లైన్:
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2024-25 వెస్ట్ (లీగ్‌లోని రెండు కాన్ఫరెన్స్‌లలో ఒకటి) పట్టికలో లేకర్స్, డెన్వర్, క్లిప్పర్స్ మూడూ 50-32, అంటే 50 గెలుపులు, 32 ఓటములు. సీడ్లు (ప్లేఆఫ్స్ అనే చివరి దశకి ఇచ్చే ర్యాంకులు) మాత్రం వరసగా 3, 4, 5. ముఖాముఖిలో డెన్వర్, క్లిప్పర్స్ 2-2. మరి దేన్నిబట్టి ఇచ్చారండీ? సీజన్ నడుస్తుండగానే దీన్ని లెక్క కట్టుకోవచ్చా?

పిక్ అండ్ రోల్:
ముందు టైలో ఎన్ని జట్లున్నాయో చూడండి, రూలు అక్కడే మారుతుంది. రెండే అయితే మొదట ముఖాముఖి ఫలితం. మూడు, అంతకు మించితే మొదట డివిజన్ (కాన్ఫరెన్స్‌లో ఐదేసి జట్ల గుంపు) విజేతను తీసి పైన పెడతారు. లేకర్స్ పసిఫిక్ డివిజన్ గెలిచింది కాబట్టి 3. డివిజన్ టైటిల్‌ని ఎవరూ పట్టించుకోరు గానీ, ఇలాంటి చోట అదే పనికొస్తుంది. మిగిలిన రెంటికీ మళ్లీ మొదట్నుంచి రెండు జట్ల రూలు: ముఖాముఖి 2-2, ఏదీ డివిజన్ విజేత కాదు, డివిజన్లు కూడా వేరు. ఇక చూసేది వెస్ట్ జట్లమీద గెలుపోటములు. అందులో డెన్వర్‌ది పైచేయి.

జోన్ డిఫెన్స్:
షెడ్యూల్ కూడా తెలిస్తే ముందే పసిగట్టొచ్చు. సొంత డివిజన్‌లో నాలుగు జట్లతో నాలుగేసి మ్యాచ్‌లు (16), అదే కాన్ఫరెన్స్‌లో ఇంకో ఆరింటితో నాలుగేసి (24), మిగతా నాలుగింటితో మూడేసి (12), అవతలి కాన్ఫరెన్స్‌లో 15 జట్లతో రెండేసి (30). మొత్తం 82. మూడు మ్యాచ్‌ల ప్రత్యర్థితో 2-2 అనే బెడద లేదు, రెండు గెలిస్తే టై-బ్రేకర్ (సమానమైతే ఎవరు పైనో తేల్చేది) మీ చేతిలో ఉన్నట్టే. అందుకే ఆ మూడు మ్యాచ్‌లు నవంబర్‌లో వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు.

బేస్‌లైన్:
ఒక్క ఓటమికి నిజంగా అంత తేడా ఉంటుందా?

పిక్ అండ్ రోల్:
ఉంటుంది. 2025 ఏప్రిల్ 13, చివరి రోజు. గోల్డెన్ స్టేట్ సొంత కోర్టులో క్లిప్పర్స్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 124-119తో ఓడింది. గెలిచుంటే నేరుగా ప్లేఆఫ్స్. ఓడి 48-34తో ఏడో స్థానంలో ప్లే-ఇన్‌కి (7 నుంచి 10 స్థానాల జట్లు చివరి రెండు ప్లేఆఫ్స్ చోట్ల కోసం ఆడే మ్యాచ్‌లు) పడింది. అక్కడ 7, 8 సీడ్లకి రెండు అవకాశాల్లో ఒక్క గెలుపు చాలు. 9, 10 మాత్రం వరసగా రెండూ గెలవాలి, ఒక్కటి పోయినా ఇంటికే. గోల్డెన్ స్టేట్ మెంఫిస్‌ని 121-116తో కొట్టి గట్టెక్కింది. మెంఫిస్ రెండో అవకాశంలో డల్లాస్‌ని ఓడించి ఎనిమిదో సీడ్ తీసుకుంది.

జోన్ డిఫెన్స్:
మార్చి నుంచి ఈ లెక్క వేసుకోండి: 83లోంచి మీ జట్టు గెలుపులు, వెనకున్న జట్టు ఓటములు తీసేయండి. మీవి 46, వాళ్లవి 32 అయితే మిగిలేది 5. మీ గెలుపులు, వాళ్ల ఓటములు కలిపి ఇంకో 5 వస్తే వాళ్లు మిమ్మల్ని అందుకోలేరు. ఆ జట్టుమీద టై-బ్రేకర్ మీదైతే 83 బదులు 82తో మొదలెట్టండి. పట్టిక చూసేటప్పుడు ఓటముల గడి ముందు చూడండి. ఆడాల్సిన మ్యాచ్‌లు గెలవొచ్చు, పోయిన మ్యాచ్ తిరిగి రాదు.