ఆంటొనీ మాటను అక్షరాలా నమ్మిన తరగతి: తొమ్మిదో తరగతికి షేక్స్‌పియర్ నాటకం ఎలా చెప్పాలి?

ప్రశ్న: విజయనగరం టీచరు

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ ఏడాది మా తొమ్మిదో తరగతికి షేక్స్‌పియర్ ‘జూలియస్ సీజర్’ పాఠ్యగ్రంథంగా పెట్టారు. రెండు అంకాలు పూర్తయ్యాయి, మూడో అంకంలో సీజరు హత్య దాకా వచ్చాము. ఇక శవం ఎదుట, చంపినవాళ్ళలో ఒకడైన బ్రూటస్, సీజరు స్నేహితుడైన ఆంటొనీ చేసే ప్రసంగాలు మొదలుపెట్టాలి.

మొన్నటి యూనిట్ పరీక్షలో బ్రూటస్ స్వభావాన్ని వివరించమని ఒక ప్రశ్న ఇచ్చాను. ముప్పై రెండు మందిలో పందొమ్మిది మంది దాదాపు ఒకే వాక్యం రాశారు. ఆంటొనీ అంతటివాడు బ్రూటస్‌ను గౌరవనీయుడని పదే పదే అన్నాడు కాబట్టి బ్రూటస్ గౌరవనీయుడేనని దాని సారాంశం. ఆ మాటలున్న దృశ్యాన్ని నేను ఇంకా చెప్పనే లేదు. అనుమానం వచ్చి ఒక అమ్మాయి దగ్గరున్న గైడు తీసుకుని చూస్తే, స్వభావ చిత్రణ కింద మొదటి పాయింటు అదే, దాని కింద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రెండు గీతలు కూడా ఉన్నాయి. వెనక బెంచీ కుర్రాడొకణ్ణి లేపి అడిగితే, ‘శత్రువే మెచ్చుకున్నాడంటే మంచివాడే కదా మేడమ్’ అన్నాడు. ఆ తర్కంలో నాకు తప్పు దొరకలేదు. తప్పంతా, ఆ మాటను ఆంటొనీ ఏ గొంతుతో అన్నాడో ఎవరూ వినకపోవడంలో ఉంది.

సాహిత్యానికి మాకు వారానికి రెండే పీరియడ్లు. సిరిమానోత్సవం సెలవుల లోపు నాటకం ముగించాలని పైనుంచి ఒత్తిడి ఉంది. మూలాన్ని పంక్తి పంక్తీ చదివించాలా, లేక షేక్స్‌పియర్ నాటకాలను పిల్లల కోసం ల్యాంబ్ రాసిన కథల వంటివి ముందు చదివించి ఆ తరువాత ముఖ్యమైన పంక్తులు మాత్రం చెప్పాలా అన్నది నా మొదటి సందేహం. అర్థం కాని చోట నేను తెలుగులో వివరిస్తూ ఉంటాను, దానిపై ఒక తండ్రి ఫిర్యాదు చేశారు. అది నిజంగా తప్పేనా అన్నది రెండోది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత ఉపన్యాసకుడు, శ్రీకాకుళం

అమ్మా, ముందుగా ఒక చిన్న సవరణ. ఛార్లెస్ ల్యాంబ్, ఆయన అక్క మేరీ కలిసి 1807లో కథలుగా వెలువరించినవి ఇరవై నాటకాలే, వాటిలో జూలియస్ సీజర్ లేదు. కాబట్టి ఆ దారి మీకు ఎలాగూ మూసుకుపోయింది. ఒకవేళ ఉన్నా నేను వద్దనే చెప్పేవాణ్ణి. ఈ నాటకంలో కథ చాలా తక్కువ. సీజరును చంపుతారు, చంపినవాళ్ళు ఓడిపోతారు. మిగిలినదంతా మనిషి మనిషిని మాటతో ఎలా లొంగదీస్తాడన్నదే. కథను వేరుచేసి చెబితే, చెరకు రసం పారబోసి పిప్పిని చేతికిచ్చినట్లు అవుతుంది.

అలాగని మొత్తం చదివించాలన్న పట్టుదల కూడా వద్దు. మిగిలిన భాగంలో మూడో అంకం రెండో దృశ్యాన్ని ఒక్క పంక్తి కూడా వదలకుండా చదివించండి. దాని వెంటనే వచ్చే చిన్న దృశ్యంలో సిన్నా అనే కవిని, కుట్రదారుల్లో ఒకడి పేరూ సిన్నాయే కావడం వల్ల, జనం పట్టుకుని చంపేస్తారు. ‘నేను కవిని, ఆ సిన్నాను కాను’ అని అతను మొత్తుకుంటే, ‘అయితే చెత్త కవిత్వం రాసినందుకు చంపండి’ అంటారు. పది నిమిషాల్లో చదవగలిగే ఆ దృశ్యాన్ని చాలామంది టీచర్లు ముఖ్యం కాదని దాటేస్తారు. ఆంటొనీ ప్రసంగం ఏ పని చేసిందో తెలిసేది అక్కడే. నాలుగో అంకంలో గుడారంలో బ్రూటస్, అతని తోటి కుట్రదారు కాసియస్ తగువులాడుకునే దృశ్యం సగం చాలు. అయిదో అంకంలో చివరి దృశ్యం తప్పనిసరి. తక్కిన యుద్ధమంతా మీరే నోటితో చెప్పేయండి.

ఇక రెండు ప్రసంగాల సంగతి. బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు, ఆంటొనీ పద్యంలో మాట్లాడతాడు. గైడులో ఈ మాట ఉంటుంది, ఎందుకన్నది మాత్రం ఉండదు. మీ పిల్లలు తెలుగు పీరియడులో ఛందస్సు చదువుకుంటూనే ఉంటారు కదా, దాన్ని ఇక్కడికి లాక్కురండి. షేక్స్‌పియర్ పద్యపాదంలో సాధారణంగా పది అక్షరాలు ఉంటాయి, ఒకటి తేలికగా, మరొకటి ఊనికతో పలుకుతుంది. మన లెక్కలో చెప్పాలంటే లగం, అంటే వగణం, అయిదు సార్లు వచ్చినట్లు. ‘ది ఈవిల్ దట్ మెన్ డు లివ్స్ ఆఫ్టర్ దెమ్’ అన్న పాదాన్ని బల్ల మీద వేలితో తాళం వేస్తూ పలికిస్తే అయిదు దెబ్బలు స్పష్టంగా వినిపిస్తాయి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మన గురువు, లఘువు కాలాన్ని బట్టి ఏర్పడతాయి, ఇంగ్లీషులో అవి ఊనికను బట్టి ఏర్పడతాయి. ఈ తేడా చెప్పకపోతే తెలివైన పిల్లవాడు మిమ్మల్ని అక్కడే పట్టుకుంటాడు. నన్నొకడు పట్టుకున్నాడు.

బ్రూటస్ ప్రసంగం కాగానే జనంలో ఒకడు ‘ఇతణ్ణే సీజరును చేద్దాం’ అంటాడు. సీజరు రాజు కాకూడదని చంపినవాడి మాటలు విని జనం గ్రహించింది అది! బ్రూటస్ వాదం ఎవరికీ ఎక్కలేదని తేల్చడానికి షేక్స్‌పియర్‌కు ఆ ఒక్క మాట సరిపోయింది. అక్కడ ఆగి, ఆ మాట అన్నవాడికి ఏమి అర్థమైందని పిల్లల్ని అడగండి.

సమాధానం: ఒక తండ్రి, బొబ్బిలి

మేడమ్ గారికి నమస్కారం. ఫిర్యాదు చేసినది నేను కాదు కానీ, ఆయన బాధ నాకు అర్థమైంది. మా అమ్మాయి పదో తరగతి. సంవత్సరానికి వేలకు వేలు ఫీజు కట్టి ఇంగ్లీషు మీడియంలో చదివిస్తున్నది పిల్ల ఇంగ్లీషులో ఆలోచించి ఇంగ్లీషులో రాయాలనే కదా. తరగతిలో అర్థం తెలుగులో విని, పరీక్షలో ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి మాటలు దొరక్క మళ్ళీ గైడు మీదే పడుతోంది. గైడు వద్దనే ముందు, ఆ నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం ఎవరు నేర్పుతారో కూడా ఆలోచించాలని మనవి.

మాస్టారు చెప్పిన ఒక విషయాన్ని మాత్రం నేనూ ఒప్పుకుంటాను. మా అమ్మాయి ప్రశ్నపత్రాల్లో నాటకంలోని పంక్తులిచ్చి, ఇవి ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారు, ఎందుకన్నారు అని అడుగుతున్నారు. మూలం చదవని పిల్లకు అక్కడ గైడు కూడా పెద్దగా పనికిరావడం లేదు.

సమాధానం: నాటకాలు ఆడించే మాస్టారు, విజయనగరం

మేడమ్ గారూ, మీ పందొమ్మిది మంది విద్యార్థుల సంగతి చదివి నవ్వు వచ్చింది, వెంటనే మన గిరీశం గుర్తుకొచ్చాడు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం చేత ఇంగ్లీషు మాట్లాడించమని వెంకమ్మ అడిగితే, గురుశిష్యులిద్దరూ పాఠాల్లో బట్టీపట్టిన పద్యం ముక్కలే ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు, ఆవిడ మురిసిపోతుంది. అక్కడ గిరీశం తన శిష్యుణ్ణి సంబోధించేది షేక్స్‌పియర్ అనే! 1892లో ఇదే ఊళ్ళో మొదట ఆడి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా తిరిగి రాయబడిన నాటకం అది. ఆనాటి బట్టీ ఇవాళ గైడులోకి చేరింది.

ఏటా సెప్టెంబరు 21న గురజాడ జయంతికి మా పిల్లల చేత ఒకటి రెండు రంగాలు ఆడిస్తాను. మధురవాణి ఎదుటివాణ్ణి పొగుడుతూనే దెప్పిపొడిచే చోట్ల వెటకారం ఎక్కడుందో ఒక్క పిల్లకైనా విడమరిచి చెప్పవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు. అదే పిల్లలు ఆంటొనీ దగ్గరికి వచ్చేసరికి బోల్తా పడుతున్నారంటే, వాళ్ళకు వెటకారం తెలియక కాదు, ఇంగ్లీషులో అది ఎలా పలుకుతుందో చెవికి అలవాటు లేక.

అందుకని నేను ఒక పని చేశాను. ప్రసంగంలో ‘ఆనరబుల్ మ్యాన్’ వచ్చిన ప్రతిచోటా ‘పెద్దమనిషి’ అని పెట్టి ముందు తెలుగులో చదివించాను. ఊళ్ళో రామకోవెల అరుగు మీద తగువు తీర్చే పెద్దమనుషులను చూసిన పిల్లలకు ఆ మాటకున్న రెండు ముఖాలూ తెలుసు. గౌరవంగా అంటే ఒక పెద్దమనిషి, పళ్ళ బిగువున అంటే ఇంకొక పెద్దమనిషి. మొదటిసారి ‘బ్రూటస్ పెద్దమనిషి’ అన్నప్పుడు తరగతి నిశ్శబ్దంగా ఉంది. సీజరు మూడుసార్లు కిరీటాన్ని తోసిపుచ్చాడని చెప్పి మళ్ళీ ఆ మాట అన్నప్పుడు ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ తరువాత వచ్చేసరికి చదువుతున్న అమ్మాయి, నేను చెప్పకుండానే, ‘పెద్ద’ దగ్గర సాగదీసి ‘మనిషి’ దగ్గర తెంపేసింది. అప్పుడు పుస్తకం తెరిపించి అదే గొంతుతో ఇంగ్లీషులో చదవమన్నాను. చదివింది. నేను తెలుగు వాడింది మొత్తం పన్నెండు నిమిషాలు.

బొబ్బిలి నుంచి రాసిన తండ్రిగారికి నా మనవి ఒకటే. అర్థం తెలుగులో చెప్పి వదిలేస్తే మీరన్న ఇబ్బంది వస్తుంది, ఒప్పుకుంటాను. తెలుగులో దొరికిన గొంతును తిరిగి ఇంగ్లీషు పంక్తి మీదికి ఎక్కించి, అప్పుడే నోట్సులో అయిదు వాక్యాలు సొంతంగా రాయిస్తే రాదు. వావిలాల వాసుదేవశాస్త్రి గారు పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ నాటకాన్ని తెలుగులోకి తెచ్చారు. మనవాళ్ళు షేక్స్‌పియర్‌ను తెలుగు గొంతుతో చదవడం నిన్నో మొన్నో మొదలైనది కాదు.

సమాధానం: ఇంగ్లీషు టీచరు, నరసన్నపేట

నాటకం గురించి పెద్దలు చెప్పారు. నవలలు చెప్పేవాళ్ళకు పనికొస్తుందని నా మాట కూడా కలుపుతున్నాను. మా రోజుల్లో నవల అంటే నాన్-డిటెయిల్డ్, అంటే ఎవరో కుదించిన పుస్తకం. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను నేను మొదట అలాగే చదివాను. టీచరు అయ్యాక పూర్తి పుస్తకం కొనుక్కుని చదివితే, నేను కాలేజీలో చదివింది విస్తరి లేని భోజనం జాబితా అని తెలిసింది.

యాభై తొమ్మిది అధ్యాయాల పుస్తకాన్ని స్కూల్లో ఎవరూ పూర్తి చేయలేరు, నిజమే. కానీ అది పుట్టడమే సీరియల్‌గా పుట్టింది. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ నడిపిన వారపత్రికలో ముప్పై ఆరు భాగాలుగా వచ్చింది. వారపత్రిక కోసం ఇంటిల్లిపాదీ కాచుకుని, పోస్టుమ్యాన్ చేతిలోంచే లాక్కున్న అమ్మమ్మల కాలం మనకు తెలియనిది కాదు. నేను వారానికి ఒక అధ్యాయం, అదీ శనివారం ఆఖరి పీరియడులో, పైకి చదువుతాను. శ్మశానంలో సమాధి రాళ్ళ మధ్య సంకెళ్ళతో ఉన్న ఖైదీ పిప్ అనే చిన్న పిల్లవాణ్ణి పట్టుకుని, తెల్లవారేసరికి ఆకురాయీ తిండీ తేకపోతే చంపుతానని బెదిరించే మొదటి అధ్యాయం కాగానే పుస్తకం మూసేస్తాను. సోమవారం ఉదయం ప్రార్థన దగ్గరే పిల్లలు అడిగేస్తారు, తెచ్చాడా టీచర్ అని. పదిహేను అధ్యాయాలకు మించి ఏ ఏడూ చదవలేకపోయాను, మధ్యలోవి కథగా చెబుతాను. చివర మాత్రం డికెన్స్ ముందు రాసిన ముగింపు, స్నేహితుడైన బుల్వర్ లిట్టన్ సలహా మీద మార్చిన ముగింపు, రెండూ చదివించి, ఏది ఉంచాలో వాళ్ళనే రాయమంటాను. దీనికి గైడులో జవాబు దొరకదు.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు: విజయనగరం టీచరు

అందరికీ కృతజ్ఞతలు. రాయడానికి రెండు వారాలు పట్టింది, క్షమించాలి. మాస్టారు చెప్పినట్లే ‘పెద్దమనిషి’ పెట్టి చదివించాను. మా తరగతిలో నవ్వు కాస్త ముందే మొదలైంది. సిన్నా దృశ్యం దగ్గర మాత్రం మొదట నవ్వినవాళ్ళు మధ్యలో ఆగిపోయారు. ఫిర్యాదు చేసిన తండ్రిగారికి పిల్లవాడు సొంతంగా రాసిన పేజీ చూపించాను. వ్యాకరణం తప్పులు చాలా ఉన్నాయని ఆయన అన్నారు. ఉన్నాయి. దిద్దుతున్నాను.

శ్రీకాకుళం మాస్టారు చివరి దృశ్యం తప్పనిసరి అని ఎందుకన్నారో నిన్న తెలిసింది. బ్రూటస్ శవం ఎదుట ఆంటొనీ, కుట్రదారుల్లో తక్కినవాళ్ళంతా సీజరు మీద అసూయతో చంపారనీ, ఇతనొక్కడే అందరి మేలు కోరి చంపాడనీ, రోమనులందరిలో ఉదాత్తుడు ఇతడేననీ అంటాడు. ఇక్కడ వెటకారం లేదు, వినడానికి జనమూ లేరు. చదవడం ముగియగానే ఆ వెనక బెంచీ కుర్రాడే లేచాడు. ‘మేడమ్, నేను పరీక్షలో రాసింది కరెక్టే కదా, మార్కులు కలుపుతారా?’ అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు. ‘నువ్వు రాసింది శవం దగ్గర చెప్పిన మాట, అది అబద్ధం. ఇది వేరే మాట’ అంది. ‘రెండూ శవాల దగ్గర చెప్పినవే కదా’ అన్నాడు వాడు. అంతలో గంట కొట్టారు. ఏ ఆంటొనీని నమ్మాలో, ఎందుకో, ఒక పేజీ రాసుకు రమ్మన్నాను. గురువారం వరకు గడువు ఇచ్చాను. వాడి మార్కుల సంగతి నేనింకా తేల్చలేదు.